బొమ్మ కొంటున్నారా? ముందు దాని వీపు చూపించమనండి

ఆర్ట్ గ్యాలరీకి తొలిసారి వెళ్ళేవాళ్ళకు అందరూ చెప్పే సలహాలు నాలుగున్నాయి. ప్రారంభోత్సవం రోజున వెళ్ళు. పెద్ద పేరున్న సంతకం చూసుకో. గట్టిగా బేరం చెయ్యి. హాల్లో సోఫా పైన నప్పేది తీసుకో. ఈ నాలుగింటినీ తిరగేసి పాటించమంటాను నేను. పాతకాలపు చిత్రాలనూ ఇప్పటివాళ్ళ పనినీ ఒకే కప్పు కింద అమ్మే గ్యాలరీలో కొనేవాడికి రావలసినవి రెండు: ఒకటి బొమ్మ, రెండోది ఆ బొమ్మ గురించిన నిజం. మొదటిది గోడ మీద కనబడుతూనే ఉంటుంది. రెండోది అడిగితే తప్ప రాదు. మనవాళ్ళు మొదటిదానికి డబ్బు కట్టి, రెండోదాన్ని అక్కడే వదిలేసి ఇంటికొస్తున్నారు. నా సలహాలన్నీ ఆ రెండోదాన్ని రాబట్టుకోవడానికే.

ఎంత నచ్చిన చిత్రమైనా సరే, దాన్ని గోడ మీంచి దించి వెనక్కి తిప్పి చూపించమని అడగండి. మొహమాటపడకండి. మంచి గ్యాలరీవాళ్ళు ఈ మాటకు సంతోషిస్తారు, ఎందుకంటే అడిగేవాళ్ళు తక్కువ. ముందువైపు చిత్రకారుడు చెప్పదలచుకున్నది ఉంటుంది. వెనకవైపు ఆ బొమ్మకు జరిగినదంతా ఉంటుంది. కాన్వాస్ బిగించిన కొయ్య చట్రం, తుప్పు పట్టిన మేకులు, ఎప్పటిదో ప్రదర్శన చీటీ, పటం కట్టిన కొట్టు పేరు, వేలంవాళ్ళు వేసిన నంబరు, ఎవరి ఇంటి నుంచి వచ్చిందో పెన్సిలుతో రాసుకున్న ముక్క. నిజంగా పాతబడిన కాన్వాస్ వెనకవైపు ఒకే తీరుగా నల్లబడదు. చట్రం కప్పి ఉంచిన మేర గుడ్డ లేతగా మిగులుతుంది, గాలి తగిలిన చోట ముదురుతుంది. వెనకంతా ఒకే గోధుమరంగులో ఉంటే ఎవరో పూసినట్టే అనుకుని ప్రశ్నలు మొదలుపెట్టండి. 1930లలో వేసిందని చెబుతున్న బొమ్మకు మెరిసే స్టేపుల్ పిన్నులు కనిపిస్తే, చట్రం ఎప్పుడు మార్చారని అడగండి. పాత బొమ్మకు కొత్త చట్రం వెయ్యడంలో తప్పు లేదు. చెద పట్టినా, చెమ్మకు వంగినా మార్చక తప్పదు. మార్చిన సంగతి దాచడమే తప్పు.

అసలు గ్యాలరీ కంటే ముందు పటాలు కట్టే కొట్టుకు వెళ్ళమంటాను. మన దేశంలో గ్యాలరీల చరిత్ర కొంత అక్కడే మొదలైంది. ముంబైలో కేకూ గాంధీ 1941లో చిత్రాలకు చట్రాలు తయారుచేసే కెమోల్డ్ వ్యాపారం మొదలుపెట్టారు. అప్పటి యువ చిత్రకారుల పని ఆ కొట్టు అద్దాల్లోనే జనానికి కనిపించింది. 1963లో అదే కెమోల్డ్ గ్యాలరీ అయ్యింది. ఢిల్లీలో 1936 నుంచి నడుస్తున్న ధూమీమల్ వెనక ఉన్నది కూడా స్టేషనరీ, అచ్చు పనుల వ్యాపారం చేసిన కుటుంబమే. చేత్తో కాగితాన్నీ కొయ్యనూ అద్దాన్నీ పట్టుకున్నవాళ్ళకు బొమ్మ ఎక్కడ చెడుతుందో తెలుస్తుంది. మీ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా పటాలు కడుతున్న పెద్దాయన పక్కన ఒక పూట కూర్చోండి. ఆసిడ్ ఉన్న చవక అట్ట బొమ్మ అంచున ఎలా గోధుమరంగు గీత వేస్తుందో, అద్దానికి నేరుగా అతుక్కున్న నీటిరంగుల చిత్రాన్ని ఊడదీస్తే ఏమవుతుందో ఆయన చూపిస్తారు. అది తెలిసినవాణ్ణి గ్యాలరీలో ఎవరూ తేలిగ్గా మభ్యపెట్టలేరు.

అక్కడే మీకు రవివర్మ కూడా కనిపించవచ్చు. మన ఇళ్ళల్లో, అటకల మీద, పూజగదుల్లో దీపం మసితో నల్లబడ్డ లక్ష్మీ సరస్వతుల పటాల్లో చాలావాటి మూలం ఆయనే. 1894లో బొంబాయి ఘాట్కోపర్‌లో ఆయన పెట్టిన ముద్రణాలయం తర్వాత లోనావాలా దగ్గరి మళవలికి మారింది. ఆ తర్వాత జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్ దాన్ని కొని నడిపాడు. అక్కడి రంగుల అచ్చులను నూనెరంగుల చిత్రాల్లా కనిపించేటట్టు తయారుచేసేవారు. అందుకే ఇప్పుడు ఎవరైనా ‘రవివర్మ’ అని చూపిస్తే, ఆయన చేత్తో వేసిందా, ఆయన ప్రెస్సులో అచ్చయ్యిందా, ఆ అచ్చును నిన్నమొన్న మళ్ళీ ముద్రించారా అన్న మూడు ప్రశ్నలూ అడగాలి. పదింతలు పెద్దగా చూపే భూతద్దం జేబులో పెట్టుకెళ్ళండి. ఈ కాలపు ముద్రణ అయితే రంగులన్నీ వరసలు కట్టిన చిన్న చిన్న చుక్కలుగా విడిపోతాయి. పాత రాతి అచ్చులో గింజలు చెదురుమదురుగా ఉంటాయి. చేత్తో వేసిన దాంట్లో కుంచె వెళ్ళిన దారి కనబడుతుంది. పాత అచ్చు దొరికితే తక్కువగా చూడకండి. దేవతల చీరల మీద జరీ, తళుకులు కుట్టిన పటాలు కూడా ఉన్నాయి. ఆ కుట్టుపని ఏ ఇంటి ఆడవాళ్ళదో, ఏ కొట్టువాళ్ళదో. దాన్ని తీసేసి ‘అసలు అచ్చు’ బయటపెట్టమని మాత్రం ఎవరికీ చెప్పకండి. తడిగుడ్డతో తుడవనూ వద్దు. మసి పట్టిన బొమ్మను తెలిసినవాళ్ళు రేపైనా బాగుచెయ్యగలరు. తుడిచి పోగొట్టిన రంగును ఎవరూ తేలేరు.

ఇక సంతకం. దాన్ని చిట్టచివర చూడండి. వీలైతే కుడివైపు కింది మూలను చేత్తో మూసుకుని మిగతాదంతా చూడండి. న్యూయార్క్‌లో నోడ్లర్ అనే గ్యాలరీ 1846 నుంచి ఉండేది. అమెరికాలో ధనవంతులకు, మ్యూజియంలకు తరతరాలుగా చిత్రాలు అమ్మిన పేరు దానిది. 1990ల నుంచి చాలా ఏళ్ళపాటు ఆ గ్యాలరీకి ఒకావిడ మార్క్ రోత్కో, జాక్సన్ పొలాక్ వంటివారి ‘ఇంతవరకూ ఎవరూ చూడని’ చిత్రాలు తెచ్చి ఇస్తూ వచ్చింది. ఒక అజ్ఞాత సేకర్త కుటుంబం నుంచి వచ్చాయని కథ. నిజానికి వాటిని వేసింది న్యూయార్క్ క్వీన్స్‌లో ఉండే ఒక చైనా చిత్రకారుడు. ఆ నకిలీల అమ్మకాలు దాదాపు 8 కోట్ల డాలర్ల దాకా వెళ్ళాయి. 2011లో నోడ్లర్ మూతపడింది. వాటిలో ఒక పొలాక్ చిత్రం మీద పొలాక్ పేరు స్పెల్లింగే తప్పు, ఒక అక్షరం లేదు. మరొక ‘పొలాక్’లో ఆయన బతికి ఉన్న కాలంలో ఇంకా వాడుకలోకి రాని రంగులు పరీక్షలో బయటపడ్డాయి. ఆ సంతకాలను ఎంతమంది చూసి ఉంటారు! సంతకాన్ని చూశాం కదా అన్న ధైర్యం అక్షరాలను కూడా చదవనివ్వలేదు.

మన దగ్గరికి వస్తే సంతకం మీద ఆధారపడటం ఇంకా ప్రమాదం. చిత్రకారుడు జామినీ రాయ్ తన ఇంట్లో కొడుకులు, సహాయకులు కలిసి చేసిన పని మీద కూడా తన పేరు వేసేవారు. కళ అందరికీ అందాలన్నది ఆయన పట్టుదల. దాంతో ఆయన సంతకం ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. పాత చేర్యాల పటాల్లో, శ్రీకాళహస్తి కలంకారీల్లో, దక్కనీ సూక్ష్మచిత్రాల్లో చాలావాటికి సంతకమే ఉండదు. సంతకం లేదని గోల్కొండ చిత్రకారుణ్ణి చిన్నచూపు చూసే సేకర్త ఆ బొమ్మకు తగినవాడు కాడు. గీత పట్టు చూడండి, రంగు కలిపిన తీరు చూడండి, ముఖాల్లో ఒకే చెయ్యి ఉందా చూడండి.

చేర్యాల మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతాను: కోసిన ముక్క కొనకండి. నకాషీ చిత్రకారులు గజాల పొడవున వేసిన ఆ పటాలు కథ చెప్పడానికి పుట్టినవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేల్ పురాణం, ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ. కథకులు పటాన్ని గడి తర్వాత గడి విప్పుతూ పాడేవారు. అలాంటి పాత పటాన్ని గడులుగా కోసి, ఒక్కోదానికీ చట్రం కట్టి అమ్మితే అమ్మేవాడికి లాభం ఎక్కువ. కథ అక్కడితో పోయింది. పుస్తకాలకూ ఇదే గతి పట్టింది: ఇరాన్ రాజు తహ్మాస్ప్ షానామా కావ్యపు ప్రతిని 20వ శతాబ్దంలో ఆర్థర్ హౌటన్ అనే అమెరికన్ సేకర్త కొని, పుటలుగా విడదీశాడు. అందులోని 258 చిత్రాలు ఇప్పుడు దేశదేశాల్లో చెల్లాచెదురయ్యాయి. ముక్క కొనేవాడుంటేనే కోసేవాడుంటాడు. మొత్తం పటానికి డబ్బు చాలకపోతే ఈనాటి చేర్యాల చిత్రకారుడి దగ్గర చిన్నదైనా పూర్తి కథ వేయించుకోండి.

రాతి విగ్రహాలూ కంచు విగ్రహాలూ అయితే నా సలహా ఇంకా మొండిది: కాగితాలు ఎంత చక్కగా ఉంటే అంత ఎక్కువ అనుమానించండి. ప్రకాశం జిల్లా చందవరం మన బౌద్ధ క్షేత్రాల్లో ఒకటి. అక్కడి నుంచి దొంగతనంగా వెళ్ళిన ఒక సున్నపురాయి శిల్పాన్ని, బుద్ధుణ్ణి పూజించేవారి బొమ్మను, ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో న్యూయార్క్‌లోని సుభాష్ కపూర్ గ్యాలరీ నుంచి కొన్నది. 2016లో మనకు తిరిగిచ్చింది. అదే మ్యూజియం 2008లో అదే కపూర్ దగ్గర 50 లక్షల డాలర్లు పెట్టి తమిళనాడు శ్రీపురందాన్ ఆలయపు నటరాజును కొన్నది. దానికి కాగితాలు ఉన్నాయి. విగ్రహం 1970ల తొలినాళ్ళకే ఢిల్లీలో ఉన్న ఒక దౌత్యవేత్త కుటుంబం చేతికి వచ్చిందని ఆ కాగితాల కథ. మన పురావస్తు చట్టం వచ్చింది 1972లో. కథలోని తేదీలు ఆ చట్టానికి ముందరే పడటం యాదృచ్ఛికం కాదు. అయితే పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1994లో తీసిన ఫొటోల్లో అదే నటరాజు గుడిలోనే ఉన్నాడు! 2014లో ఆయన తిరిగొచ్చాడు. కపూర్‌కు 2022లో కుంభకోణం కోర్టు పదేళ్ళ జైలు వేసింది.

దీని నుంచి నేను తీసుకున్న నియమం ఒకటే. గుడి నుంచో స్తూపం నుంచో వచ్చి ఉండగల దేన్నీ ఇంటికి కొనకండి, ఏ గ్యాలరీ దగ్గరైనా సరే. వందేళ్ళు దాటిన శిల్పాలకు, చిత్రాలకు చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లెక్కలుంటాయి, అమ్మేవాళ్ళకు లైసెన్సు ఉండాలి, దేశం దాటించడం కుదరదు. ఇవన్నీ తెలుసుకుని జాగ్రత్తగా కొనవచ్చని చెప్పేవాళ్ళున్నారు. నేను వాళ్ళతో ఏకీభవించను. చందవరం రాయి చందవరంలోనో, దాని దగ్గరి మ్యూజియంలోనో ఉండాలి. అమెరికాలో పిల్లలకు బహుమతిగా పంపుదామనుకునే తల్లిదండ్రులకు ఇంకో మాట. రవివర్మ, అమృతా షేర్‌గిల్, రవీంద్రనాథ్ టాగూర్, నందలాల్ బోస్, జామినీ రాయ్ వంటి తొమ్మిదిమంది చిత్రకారుల అసలు చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించారు. అవి మీ సొంతమే అయినా దేశం బయటికి పంపలేరు.

గ్యాలరీలో అందరూ ‘ఈ చిత్రం గొప్పతనం ఏమిటి’ అని అడుగుతారు. మీరు ‘ఎక్కడ దెబ్బ తిన్నది’ అని అడగండి. వందేళ్ళు మన ఎండల్లో, వానాకాలపు చెమ్మలో బతికిన నూనెరంగుల చిత్రానికి పగుళ్ళు లేవంటే, ఎక్కడో రంగు రాలలేదంటే, ఎవరూ ముట్టుకోలేదంటే నమ్మకండి. కండిషన్ రిపోర్టు రాతపూర్వకంగా ఇమ్మనండి. అతినీలలోహిత కాంతి దీపం కింద చూపించమనండి. తర్వాతి కాలంలో దిద్దిన చోట్లు సాధారణంగా నల్లటి మచ్చల్లా బయటపడతాయి, పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది. ముఖం మొత్తం నల్లమచ్చయితే మీరు చూస్తున్నది దిద్దినవాడి ముఖం. ఆకాశంలో ఒక మూల దిద్దితే దిగులుపడేది ఏమీ లేదు. చెడ్డవార్త ముందుగా తనే చెప్పిన గ్యాలరీ దొరికితే దాన్ని వదలకండి. అక్కడ ధర కాస్త ఎక్కువైనా సరే.

కొత్త చిత్రాలకు ఈ ప్రశ్నలు అక్కర్లేదనుకుంటారు. అక్కడే ఇంకా ఎక్కువ కావాలి. పాత బొమ్మ నిలిచిందని కాలమే సాక్ష్యం చెప్పింది. నిన్న పూర్తయిన దానికి ఆ సాక్ష్యం లేదు. న్యూస్‌పేపర్ అతికించిన కాన్వాస్ ఎంత పచ్చబడుతుంది? ఈ సిరా వెలిసిపోతుందా? వీడియో అయితే ఫైలు ఏ రూపంలో ఇస్తారు, దీపాలు మాడిపోతే విడిభాగాలు ఎవరిస్తారు? చిత్రకారుడు మన మధ్యే ఉన్నారు కాబట్టి గ్యాలరీవాళ్ళు అడిగి చెప్పగలరు. బొమ్మ ఫొటో మీద ఆయన చేతే పేరు, కొలతలు, వాడిన సామగ్రి, సంవత్సరం రాయించి సంతకం పెట్టించుకోండి. గ్యాలరీ తన లెటర్‌హెడ్ మీద ఇచ్చే మెరిసే సర్టిఫికెట్ కంటే ఆ ఫొటో విలువైనది.

డబ్బు తక్కువున్నవాళ్ళకు పెద్ద కాన్వాస్ కోసం ఆగమని చెప్పే సలహాను కూడా నేను ఒప్పుకోను. పెద్ద చిత్రకారుడి చిన్న కాగితం కొనండి. కె. లక్ష్మా గౌడ్ బరోడాలో అచ్చు కళ చదువుకుని వచ్చి, మెదక్ పల్లెల మనుషుల్నీ మేకల్నీ చెట్లనీ రేకుల మీద గీశారు. ఎచింగ్ అంటే జిరాక్సు కాదు. రేకు మీద గీసి, యాసిడ్‌తో తినిపించి, సిరా నింపి, తడి కాగితంతో కలిపి యంత్రంలో నొక్కుతారు. రేకు అంచు కాగితంలోకి దిగిన గాడిని వేలితో తడమకుండానే, పక్క నుంచి వెలుతురు పడితే చూడవచ్చు. కింద పెన్సిలుతో 12/50 అని ఉంటే యాభైలో పన్నెండోదని అర్థం. ప్రతి ప్రతీ అసలే. అదే గోడ మీద డిజిటల్ ప్రింటును మరో గంభీరమైన పేరుతో అమ్ముతుంటే, దాని తయారీ క్రమం చెప్పమనండి.

బేరం గురించి నా మాట చాలామందికి నచ్చదు. బేరం చెయ్యకండి. చిత్రకారుడి ఇంటికి వెళ్ళి గ్యాలరీ వాటా మిగిల్చుకోనూ వద్దు. ఇప్పటి చిత్రకారుల పని మీద గ్యాలరీలు సగం దాకా కమిషన్ తీసుకోవడం మామూలే. వినగానే అన్యాయంగా తోస్తుంది. ఆ సగంలో అద్దె, దీపాలు, క్యాటలాగు, ప్యాకింగు, అమ్ముడుపోని ప్రదర్శనల నష్టం, కొత్తవాళ్ళను పదేళ్ళపాటు మోసిన ఖర్చు ఉన్నాయి. మీరు అడిగిన తగ్గింపు చాలాసార్లు చిత్రకారుడి వాటాలోంచి కూడా కోతపడుతుంది. ఇంటికెళ్ళి చవకగా కొంటే ఆయన గ్యాలరీ ధరే పడిపోతుంది. రేపు మీ బొమ్మ విలువను మీరే తగ్గించినట్టు. దానికి బదులు ఆసిడ్ లేని అట్టతో పటం కట్టివ్వమనండి, నెలవారీగా కట్టే వీలు అడగండి, ఇంతకుముందు ఎవరెవరి చేతుల్లో ఉందో రాసిమ్మనండి. తగ్గింపు ఇవ్వడానికి వెనకాడే గ్యాలరీ ఇవి ఇవ్వడానికి వెనకాడదు. ధరలు గోడ మీద రాసి ఉండవు కాబట్టి ధర మాత్రం గట్టిగా, అందరూ వినేటట్టు అడగండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ప్రారంభోత్సవం సాయంత్రం వెళ్ళకండి. ఆరోజు జనం వీపులే కనబడతాయి. అమ్ముడైందని బొమ్మల పక్కన పెట్టే ఎర్రచుక్కలు మన చేత తొందర నిర్ణయాలు చేయిస్తాయి. వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళి నేల మీద కూర్చోనివ్వండి. వాళ్ళు ఏ బొమ్మ దగ్గర ఆగుతారో చూడండి. నచ్చింది అదే రోజు కొనకండి. వారం తర్వాత కళ్ళు మూసుకుంటే అందులో ఏ మూల ఏముందో గుర్తొచ్చే బొమ్మే మళ్ళీ చూడవలసింది. ఈలోగా అమ్ముడైపోతే పోనివ్వండి.

కొనడానికి ముందు, కొనలేని చోటికి తప్పకుండా వెళ్ళి రండి. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రాల గ్యాలరీ ఉంది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలో ఏముందో గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకు దారి చూపించాడు. తిరిగొచ్చి గోదావరి మనుషుల్నీ పురాణ గాథల్నీ తనదైన గీతలో వేస్తున్న రామారావును 1925లో మశూచి తీసుకుపోయింది. వయసు 27. ఆయన పనిలో పెద్ద భాగం ఆ ఊళ్ళోనే, ఒకే కప్పు కింద మిగిలింది. బజారులో చేతులు మారలేదు. అక్కడ ఏ బొమ్మ ముందు నిలబడినా ‘ఇదెంత’ అన్న ప్రశ్న మనసులోకి రాదు. అప్పుడే రేఖ కనబడుతుంది, నీటిరంగును ఎన్ని పొరలుగా వేశారో కనబడుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ గ్యాలరీ చూడకుండానే ముంబై వేలాల్లో లక్షలు పెడుతున్న సేకర్తలున్నారంటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. హైదరాబాద్‌లో జగదీశ్, కమలా మిత్తల్ దంపతుల మ్యూజియం అలాంటి మరో చోటు. శాంతినికేతన్‌లో చదువుకున్న ఈ చిత్రకార దంపతులు ధనవంతులు కారు. దక్కనీ చిత్రాలనూ బిద్రీనీ వస్త్రాలనూ చూపు పదునుతో ఏరుకున్నారు. 1976లో అదంతా ట్రస్టుకు ఇచ్చేశారు. డబ్బున్నవాళ్ళు ముందు ఆ చూపు నేర్చుకోవాలి.

ఇంటి విషయానికి వస్తే, గోడ కొలతలు రాసుకుని గ్యాలరీకి వెళ్ళకండి. సోఫా పదేళ్ళకు మారుతుంది. బొమ్మను మీ మనవలు కూడా చూడాలి. అతిథులకు కనబడే హాల్లో, కిటికీకి ఎదురుగా తగిలించడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. కాగితం మీది పనికి మ్యూజియంలు 50 లక్స్ వెలుతురు చాలంటాయి, నూనెరంగులకు 200 దాకా. మన కిటికీ పక్కన పగలు అది వేలల్లో ఉంటుంది. నీటిరంగులు, ఎచింగులు వెలుతురు తక్కువున్న నడవాలో ఉంచండి. కొన్ని నెలలు గోడ మీద పెట్టి, కొన్ని నెలలు పెట్టెలో విశ్రాంతి ఇవ్వండి. విశాఖలో, కాకినాడలో వాన కొట్టే బయటి గోడకు అసలు తగిలించకండి. ఏ గోడ అయినా చట్రం వెనక చిన్న కొయ్యముక్కలు పెట్టి గాలి ఆడనివ్వండి. పటం కట్టేవాళ్ళను వెనక అట్ట మీద, బొమ్మ మీద కాదు, కొన్న తేదీ, గ్యాలరీ పేరు, ధర పెన్సిలుతో రాయమనండి.

‘పదేళ్ళకు ఎంతవుతుంది’ అని మాత్రం గ్యాలరీవాళ్ళను అడగకండి. ఎవరూ చెప్పలేరు, చెప్పినవాణ్ణి నమ్మకూడదు. చిత్రకారుడు హుస్సేన్ 1954లో వేసిన ‘గ్రామయాత్ర’ దాదాపు 14 అడుగుల చిత్రం. అప్పుడు ఢిల్లీలో పనిచేస్తున్న నార్వే వైద్యుడొకరు దాన్ని కొన్నారు. ఆయన తర్వాత అది ఓస్లోలోని ఆసుపత్రికి చేరి, దశాబ్దాలపాటు ఒక నడవాలో వేలాడింది. 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో కోటీ 37 లక్షల డాలర్లకు పైగా పలికింది. అన్నేళ్ళపాటు దానికి ఎవరూ లెక్కలు కట్టలేదు. చినగకుండా, తుడవకుండా, కోయకుండా ఉంచారు.

ఎప్పటికైనా అమ్మవలసి వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. మీరు కొన్నది బొమ్మను. దాన్ని అచ్చువేసే హక్కు చిత్రకారుడిదే, ఆయన పోయాక 60 ఏళ్ళ దాకా వారసులది. క్యాలెండరుకో పెళ్ళిపత్రికకో వాడుకోవాలంటే అనుమతి అడగాలి. మన కాపీరైట్ చట్టంలో 53ఎ అనే సెక్షన్ కూడా ఉంది. అసలు చిత్రం పదివేల రూపాయలకు మించి మళ్ళీ అమ్ముడైతే, ఆ ధరలో చిత్రకారుడికో వారసులకో వాటా ఉంటుందని, అది పది శాతానికి మించదని అందులో ఉంది. ఆచరణలో దీన్ని అడిగేవాళ్ళు అరుదు, ఇచ్చేవాళ్ళు ఇంకా అరుదు. ఎవరూ అడగకపోయినా ఇవ్వండి. మీరు 20 వేలకు కొన్నది రెండు లక్షలకు అమ్మితే, అందులో ఎంతో కొంత ఆ ఇంటికి పంపండి. చిరునామా మీ దగ్గర లేకపోతే మొదట మీకు అమ్మిన గ్యాలరీలో అడగండి, వాళ్ళ పాత రిజిస్టర్లలో ఉంటుంది.